ఆవిరి లైనులో బిగుసుకుపోయే బాల్ వాల్వ్: నా అనుభవం

మా బాయిల్డ్ రైస్ మిల్లులో ఆవిరి లైనుకు బాల్ వాల్వ్ ఉంది, అంటే లోపల రంధ్రమున్న బంతి (బాల్) తిరిగి దారి తెరిచే, మూసే రకం. దాని హ్యాండిల్ కదలాలంటే పైపు తగిలించి లాగాల్సి వచ్చేది, పైగా లీకు. గ్రీజు, గ్లాండు (హ్యాండిల్ కడ్డీ చుట్టూ లీకు ఆపే భాగం) బిగింపు, అదే రకం కొత్త వాల్వ్... ఏదీ నిలవలేదు.

అసలు సంగతి సీటు రింగులది, అంటే బాల్‌కు రెండు పక్కలా ఆనుకుని ఆవిరిని ఆపే రింగులది. మామూలు టెఫ్లాన్ 327 డిగ్రీల దాకా కరగదు, కానీ వేడిలో ఒత్తిడికి మెల్లగా జారి ఆకారం మారుతుంది. అందుకే కార్బన్ కలిపిన టెఫ్లాన్ సీట్లు తెప్పించాను.

లైను ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, బాల్‌ను సగం తెరిచి లోపల చిక్కిన ఆవిరి వదిలాను. ఈ మెట్టు దాటేయకండి, ప్రమాదం. మాది మూడు ముక్కల వాల్వ్, మధ్య భాగం విడిగా వస్తుంది. తర్వాత వాల్వ్ మూసి ఆ మధ్య భాగం విప్పితే బాల్ జారి వచ్చింది. గీతలు లేవని వేలితో తడిమి చూసి, కొత్త సీట్లు పెట్టి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాను. ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించాను. నాకైతే ఫలితం తేలింది ఇక్కడే అనిపిస్తోంది.

ఇప్పుడు చేత్తోనే తిరుగుతోంది. బాల్ గీసుకుపోయి ఉంటే సీట్లు మార్చినా లాభం ఉండకపోవచ్చు.