ఆరు మీటర్ల పైపు, ఒకే శ్రుతి: పదిమంది కలిసి వాయించడానికి ఇంట్లో చేసుకునే వాయిద్యాలు

పదిమంది చేరి, ఎవరు చేసుకున్న వాయిద్యం వాళ్లు తెచ్చుకుని మొదలుపెడితే అయిదు నిమిషాలు సరదాగా ఉంటుంది, ఆ తర్వాత గోల అవుతుంది. తాళం ఎలాగోలా కుదురుతుంది, కుదరనిది శ్రుతి. అందుకని ముందు శ్రుతి పట్టి ఉంచే వాయిద్యం ఒకటి చేసుకుని, మిగతావాటిని దానికి కలుపుకోవాలి. ఆ పని చవగ్గా చేసిపెట్టేది, మూతి మీద అట్టతో కొట్టి వాయించే నీళ్ల పైపు.

పైపుల వరస

63 మి.మీ. పీవీసీ పైపు తీసుకోండి. హార్డ్‌వేర్ కొట్లో రెండంగుళాల పైపు అంటే ఇదే ఇస్తారు. పల్చటి రకం చాలు, 6 మీటర్లు కావాలి. అంత పొడుగు పైపు ఆటోలో పట్టదు కాబట్టి 3 మీటర్ల ముక్కలు రెండు తీసుకోండి. మోహన రాగం స్వరాలు, ఒకటి శ్రుతిలో (కీబోర్డు మీద C), ఈ కొలతలకి పలుకుతాయి:

స 129.5 సెం.మీ., రి 115, గ 102, ప 85.5, ద 75.5, పై స 63.

ఒక ముక్కలోంచి స, గ, పై స కోయండి. రెండో దాంట్లోంచి రి, ప, ద వస్తాయి. ఎలా పడితే అలా పంచితే ఒక ముక్క చాలకపోవచ్చు. మోహనమే ఎందుకంటే, ఈ అయిదు స్వరాల్లో ఏ రెండు ఒకేసారి మోగినా చెవికి గుచ్చుకోవు. సంగీతం రానివాళ్లు కూడా ధైర్యంగా వాయించొచ్చు.

వేరే శ్రుతి కావాలంటే లెక్క ఇది: 348ని స్వరం ఫ్రీక్వెన్సీకి రెట్టింపుతో భాగించి, వచ్చిన మీటర్లలోంచి 3.5 సెం.మీ. తీసెయ్యాలి. 28 డిగ్రీల దగ్గర గాలిలో శబ్దం సెకనుకు సుమారు 348 మీటర్లు వెళ్తుంది. పైపు లోపలి గాలి రెండు కొసల దగ్గరా కొంచెం బయటిదాకా ఊగుతుంది, ఆ 3.5 సెంటీమీటర్లు దానికోసం. డిసెంబరు పొద్దున్న 20 డిగ్రీలున్నప్పుడు అన్ని పైపులూ కలిసి అరస్వరంలో సుమారు పావు వంతు దిగుతాయి. వాటిలో వాటికి తేడా రాదు గానీ, పక్కన కీబోర్డు ఉంటే మాత్రం తెలిసిపోతుంది.

ప్రతి ముక్కా ఒక సెంటీమీటరు ఎక్కువే కోయండి. కోసేముందు పైపు చుట్టూ కాగితం చుట్టి, అంచులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చున్నాక ఆ అంచు వెంట గీత గీయండి. కంటి అంచనాతో హాక్సా పెడితే కోత ఏటవాలుగా పోతుంది. అప్పుడు కొట్టే అట్ట మూతిని పూర్తిగా మూయదు, గాలి పక్కనుంచి జారిపోయి నిండుగా రావాల్సిన 'ధుమ్' కాస్తా 'టప్' అని తేలిపోతుంది. కోత అంచుని గరుకు కాగితంతో నున్నగా రుద్ది, ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టుకుని, కొద్దికొద్దిగా అరగదీస్తూ స్వరానికి తీసుకురండి. పొట్టి పైపుల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఒక సెంటీమీటరు తగ్గితే పై స మారినంతలో కింది స సగమే మారుతుంది. పొరపాటున ఎక్కువ తెగితే పారేయక్కర్లేదు. చార్టు పేపరు గట్టిగా చుట్టి, తగ్గినంత బయటికి పొడుచుకొచ్చేలా టేపు వేస్తే స్వరం మళ్లీ దిగుతుంది.

చాలాచోట్ల దీన్ని హవాయి చెప్పుతో వాయిస్తారు. వాయిద్యానికి చెప్పు తగలడమేంటని మన పెద్దవాళ్లు అంటే ఆ మాట సబబే. 10 మి.మీ. ఫోమ్ మ్యాటు ముక్కని అరచేయంత వెడల్పున కోసి, చెక్క గరిటె కాడకి అంటించండి, అదే పని చేస్తుంది. కొట్టగానే అట్ట వెనక్కి రావాలి. మూతి మీదే ఉంచేస్తే ఒక కొస మూసినట్టై, స్వరం ఒక స్థాయి కిందికి పడిపోయి వెంటనే చచ్చిపోతుంది. పైపుల్ని నేల మీద నిలబెట్టినా ఇదే తప్పు. కింది కొస నేలకి కనీసం ఒక జానెడు పైన ఉండాలి. ఛాతీ ఎత్తున్న రెండు ఆసరాలకి అడ్డంగా కర్ర కట్టి, మూతులన్నీ ఇంచుమించు భుజం ఎత్తులో ఒకే వరసలో వచ్చేలా పైపుల్ని దానికి బిగించండి. తాడుని పైపుకీ పైపుకీ మధ్య 8 అంకె ఆకారంలో తిప్పండి. ఊరికే చుట్టబెట్టేస్తే పైపులు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి.

టేపు జముకు

ఉత్తరాంధ్ర జానపద కళ జముకులకథలో వినిపించే జముకుకి తోలు కడతారు, దాని మధ్యలోంచి వచ్చే తీగని లాగిపట్టి మీటుతారు. ఆ పద్ధతినే ఇంట్లో దొరికేవాటితో చేసుకోవచ్చు.

నాలుగంగుళాల (110 మి.మీ.) పైపు 20 సెం.మీ. కోయండి. ఒక మూతి మీద ప్యాకింగ్ టేపుని అడ్డంగా, నిలువుగా, ఐమూలగా, ఆ మధ్య దిక్కుల్లోనూ లాగి అంటించాలి. మొత్తం ఎనిమిది దిక్కులు, రెండు పొరలు. ప్రతి పట్టీ పైపు పక్కల మీదికి 6 సెం.మీ. దిగాలి. ఒక పట్టీ బిగువుగా, ఇంకోటి వదులుగా పడితే తీగ మీటినప్పుడల్లా జుయ్యిమంటుంది. చివర్న పక్కల మీద హోస్ క్లాంపు (గొట్టం చుట్టూ వేసి బిగించే లోహపు పట్టీ) వేసి స్క్రూ బిగించండి. క్లాంపు లేకపోతే ఎండలో టేపు జిగురు మెత్తబడి, సాయంత్రానికి పొర జారిపోతుంది.

తీగకి 1 మి.మీ. గాలం దారం 60 సెం.మీ. చాలు. విశాఖ ఫిషింగ్ హార్బర్ వైపు వలలు, తాళ్లు అమ్మే కొట్లలో అడగండి. పొర మధ్యలో రెండు వైపులా సైకిల్ ట్యూబు ముక్క అంటించి, వేడిచేసిన సూదితో చిన్న కంత పెట్టండి. దారానికి చొక్కా బొత్తాం కట్టి, బొత్తాం బయట ఉండేలా దారాన్ని పైపు లోపలికి దింపి, అవతలి మూతినుంచి తీసి చీపురు కర్ర ముక్కకి ముడేయండి. ట్యూబు ముక్క మానేస్తే మొదటి గట్టి లాగుడుకే బొత్తాం పొరని చీల్చుకుని లోపలికి వచ్చేస్తుంది.

పైపుని చంకలో ఇరికించి, ఎడమచేత్తో కర్ర లాగుతూ కుడిచేత్తో మీటాలి. పైపుల వరసలో స మోగుతుండగా దానితో కలిసేదాకా లాగండి. ఆ బిగువు చేతికి అలవాటైతే ప దగ్గరికి ఎక్కి మళ్లీ స మీదికి దిగొచ్చు, ఆ జారుడులోనే దీని అందమంతా ఉంది.

గిలక్కాయలు, కూర్చునే తీరు

అరలీటరు సీసాలో మూడు చెంచాల రాగులు వేస్తే మెత్తటి సవ్వడి, శనగలు వేస్తే గట్టి చప్పుడు. పావు వంతు దాటితే గింజలు అంత బాగా కదలవు. బీచ్ ఇసుక వద్దు, అందులోని ఉప్పు తేమని పట్టి గడ్డకట్టిస్తుంది.

ఆర్కే బీచ్‌లో వాయించాలని అందరికీ ఉంటుంది. కానీ సముద్రపు గాలిలో పైపుల మంద్రం పది అడుగులు దాటేసరికే పలచబడిపోతుంది. అపార్ట్‌మెంట్ సెల్లారో, పిట్టగోడ ఉన్న డాబానో మేలు. పైపుల దగ్గర ఇద్దరు, జముకులు రెండు, మిగతావాళ్లకి గిలక్కాయలు. గుండ్రంగా కూర్చుని జముకుల్ని పైపులకి ఎదురుగా పెట్టండి, అవి మెత్తగా మోగుతాయి కాబట్టి పక్కపక్కనే ఉంటే మునిగిపోతాయి. మొదట ఎనిమిది లెక్కల్లో స, ప మాత్రమే కాసేపు నడవనివ్వండి. తర్వాత ఒక్కొక్కరు చేరుతూ, ప్రతి ఒక్కరూ ఆ ఎనిమిదిలో కనీసం రెండు లెక్కలు ఖాళీగా వదలాలి.

ముగించాక జముకు దారాన్ని వదులు చేసి, క్లాంపు స్క్రూకి రెండు చుక్కలు కొబ్బరినూనె వేయండి. ఇక్కడి ఉప్పుగాలికి అది తుప్పుపట్టి పట్టేస్తే, మళ్లీ టేపు మార్చాల్సివచ్చినప్పుడు క్లాంపుని కోసి తీయడమే దారి.