ఇంటికి హీట్ పంపు – 4వ పాఠం: పైపులు, నీటి ప్రవాహం

గత మూడు పాఠాల్లో ఇల్లు ఎంత వేడి కోల్పోతుందో లెక్క వేశాం, వేడి నీటితో గదులను వెచ్చబరిచే రేడియేటర్ల కొలతలు చూశాం, బయటి గాలిలోని వేడిని లాగి నీటిని కాచే యంత్రాన్ని, అంటే హీట్ పంపును ఎంచుకున్నాం. మన ఉదాహరణ అదే: బ్రిటన్‌లో మూడు పడకగదుల పాత ఇల్లు, గ్యాస్ బాయిలర్, ప్రతి గదిలో రేడియేటర్. చలి ముదిరిన రోజున ఆ ఇంటికి కావలసింది 8 కిలోవాట్లు. యంత్రం మోనోబ్లాక్ రకం. వేడిని మోసే శీతలీకరణ వాయువు మొత్తం బయటి పెట్టెలోనే తిరుగుతుంది, ఇంట్లోకి వచ్చేది వేడి నీరు మాత్రమే. అందువల్ల ఈ రోజు మన పని అంతా నీటితోనే.

బాయిలర్ తీసేసి ఆ పైపులకే హీట్ పంపు తగిలిస్తే చాలని చాలామంది అనుకుంటారు. చాలదు. బాయిలర్ నీటిని బాగా కాచి కొద్దిగా పంపుతుంది, హీట్ పంపు తక్కువగా కాచి ఎక్కువగా పంపుతుంది. ఎంత ఎక్కువ? లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.19 కిలోజౌళ్లు కావాలి. నిమిషంలోని 60 సెకన్లను దానితో భాగిస్తే 14.3 వస్తుంది. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి. కిలోవాట్లను 14.3తో గుణించి, వెళ్లే నీటికీ తిరిగొచ్చే నీటికీ ఉన్న తేడాతో భాగిస్తే నిమిషానికి ఎన్ని లీటర్లు పారాలో తెలుస్తుంది.

బాయిలర్‌కు తేడా 20 డిగ్రీలు అనుకుంటే 8 కిలోవాట్లకు 5.7 లీటర్లు చాలు. హీట్ పంపుకు సాధారణంగా 5 డిగ్రీలే తీసుకుంటారు. అప్పుడు 22.9 లీటర్లు కావాలి, అంటే నాలుగింతలు.

ఇప్పుడు ఆ నీటిని పైపులోకి పంపి చూడండి. బ్రిటన్‌లో రాగి పైపును బయటి వ్యాసంతో పిలుస్తారు. 22 మిల్లీమీటర్ల పైపు లోపల సుమారు 20 మాత్రమే ఉంటుంది. అందులో ఈ నీరు సెకనుకు 1.2 మీటర్ల వేగంతో పరుగెత్తాలి. ఇళ్లలో ఆ వేగాన్ని 1 మీటరు లోపు ఉంచడం మంచిది. మించితే పైపుల్లో హోరు వినిపిస్తుంది, పంపు మీద భారం పెరుగుతుంది. అదే నీరు 28 మిల్లీమీటర్ల పైపులో 0.7 మీటర్ల వేగంతో నిశ్శబ్దంగా పోతుంది. కనుక యంత్రం నుంచి మేడ పైకి, కిందికి దారులు చీలేదాకా 28 వేయండి. చీలిన తర్వాత ఒక్కో దారిలో సగం నీరే కనుక పాత 22 సరిపోతుంది. రేడియేటర్‌కు వెళ్లే 10 మిల్లీమీటర్ల సన్న పైపులు చూసి భయపడి గోడలు పగలగొట్టించకండి. 700 వాట్ల రేడియేటర్‌కు నిమిషానికి 2 లీటర్లే కావాలి. దారి మరీ పొడవు కాకపోతే ఆ పైపు మోస్తుంది.

ఇక బఫర్ ట్యాంకు, అంటే వేడి నీటిని నిల్వ ఉంచే తొట్టి. దీని దగ్గరే నాకు గట్టి అభిప్రాయం ఉంది. యంత్రానికీ రేడియేటర్లకూ మధ్య నాలుగు పైపుల ట్యాంకు పెట్టి, రెండో పంపు తగిలించి, అంతా భద్రమని చెప్పి వెళ్లిపోయేవారు ఉన్నారు. లోపల జరిగేది చూడండి. యంత్రం వైపు 45 డిగ్రీల నీరు నిమిషానికి 16 లీటర్లు వస్తోంది. రేడియేటర్ల వైపు పంపు 24 లీటర్లు లాగుతోంది. తక్కువైన 8 లీటర్లు ఎక్కడి నుంచి వస్తాయి? రేడియేటర్ల నుంచి 38 డిగ్రీలకు చల్లబడి తిరిగొచ్చిన నీటి నుంచే. రెండూ కలిసి రేడియేటర్లకు అందేది 42.7 డిగ్రీలు. ఆ లోటు పూడ్చడానికి యంత్రాన్ని ఇంకా ఎక్కువ వేడికి పెడతారు. ఒక్కో డిగ్రీకి కరెంటు ఖర్చు సుమారు 2 శాతం పెరుగుతుంది, ఏడాదికేడాది.

అయితే నీటి నిల్వ అసలు అక్కర్లేదని కాదు. బ్రిటన్ చలికాలపు తేమ గాలికి బయటి పెట్టె రెక్కల మీద మంచు పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి యంత్రం కాసేపు వెనక్కి తిరిగి, ఇంటి నీటిలోని వేడినే లాక్కుంటుంది. ఆ సమయంలో అన్ని గదుల వాల్వులూ మూసుకుపోతే దానికి దొరికేది పైపుల్లోని కొద్దిపాటి నీరే. అందుకే కనీసం ఎన్ని లీటర్లు ఉండాలో యంత్రం పుస్తకంలో రాసి ఉంటుంది. కొన్ని రేడియేటర్లకు థర్మోస్టాట్ వాల్వు (గది వేడెక్కగానే దానంతటదే మూసుకునేది) లేకుండా ఎప్పుడూ తెరిచి ఉంచండి. అప్పటికీ తక్కువైతే, తిరుగుదారిలో రెండు పైపుల చిన్న ట్యాంకును వరుసగా కలపండి. నీరంతా దాని గుండానే పోతుంది కనుక అక్కడ కలగలుపు ఉండదు.

అదే తిరుగుదారిలో, యంత్రానికి ముందు, అయస్కాంతం ఉన్న ఫిల్టర్ తప్పనిసరి. పాత రేడియేటర్ కింది నట్టు వదులు చేసి గిన్నె పెట్టి చూడండి: నల్లటి నీరు కారుతుంది, వేలితో తాకితే మెత్తని పొడి అంటుకుంటుంది. అది ఇనుము తుప్పు. యంత్రం లోపలి పలకల సందుల్లో చేరితే ప్రవాహం పడిపోతుంది. కొత్త యంత్రం తగిలించే ముందే వ్యవస్థ మొత్తాన్ని కడిగించండి.

బయటి పైపుల్లో నీరు గడ్డకట్టకుండా రెండు మార్గాలున్నాయి. ఒకటి నీటిలో గ్లైకాల్ కలపడం. దానితో నీరు చిక్కబడుతుంది, మోసే వేడి తగ్గుతుంది. రెండోది, నీరు 3 డిగ్రీలకు చేరువైతే దానంతటదే తెరుచుకుని నీటిని వదిలేసే వాల్వు. నాకు ఇదే నచ్చుతుంది. వెళ్లే పైపుకొకటి, తిరిగొచ్చే పైపుకొకటి, బయట అన్నిటికంటే దిగువన బిగించాలి. పైపుల చుట్టూ మందపాటి తొడుగు వేయాలి కానీ వాల్వును కప్పకూడదు. రెండు మార్గాలనూ కలిపి మాత్రం వాడవద్దు. వాల్వు తెరుచుకున్న రోజున గ్లైకాల్ అంతా నేలపాలవుతుంది.

కరెంటు కనెక్షన్ మీరు చేయవద్దు, అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌కే వదలండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రభుత్వం ఇచ్చే 7,500 పౌండ్ల సాయం కావాలంటే యంత్రాన్ని బిగించేవారికి ఎంసీఎస్ (ఇలాంటి యంత్రాలు బిగించేవారికి ఇచ్చే నాణ్యతా ధ్రువీకరణ) గుర్తింపు ఉండి తీరాలి. మరి ఈ లెక్కలన్నీ మీకెందుకు? వారు గీసిన పటంలో నాలుగు పైపుల ట్యాంకు కనిపిస్తే ఎందుకని అడగడానికి.

ఈ వారం అభ్యాసం: మీ బాయిలర్ దగ్గర నుంచి దారులు చీలే చోటు దాకా పైపుల బయటి వ్యాసం కొలిచి, ఎక్కడ 28, ఎక్కడ 22, ఎక్కడ 15 ఉన్నాయో కాగితం మీద గీయండి. 5వ పాఠంలో స్నానాల నీటి సిలిండర్‌ను మూడు దారుల వాల్వుతో కలుపుదాం. ఆ పటం అప్పుడు చేతిలో ఉండాలి.