క్రూజర్ బండి మలుపుల్లో మాట వినాలంటే

ఒంగోలు నుంచి నెల్లూరు దాకా హైవే మీద క్రూజర్ బైకుకు వంక పెట్టే పని లేదు. అదే బండిని దోర్నాల నుంచి శ్రీశైలం రోడ్డుకో, రాపూరు నుంచి చిట్వేలి ఘాట్‌కో ఎక్కిస్తే హ్యాండిల్ మొరాయిస్తుంది, బండి మలుపు మధ్యలో బయటికి లాగుతుంది, ఫుట్‌రెస్ట్ రోడ్డును గీస్తుంది. క్రూజర్ అంటే అంతేలే అని చాలామంది సర్దుకుపోతారు. తయారీలోనే కొంత ఉన్న మాట నిజమే. వీల్‌బేస్, అంటే రెండు ఇరుసుల మధ్య దూరం, పొడుగు (బజాజ్ అవెంజర్ 220కి 1490 మి.మీ., రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350కి 1400), ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులు వాలుగా ఉంటాయి, కాళ్లు ముందుకు చాపి కూర్చుంటాం. కానీ ఇబ్బందిలో పెద్ద వాటా గాలి, స్ప్రింగు, బేరింగులది. వాటిని సరిచేయకుండా కొత్త పార్టులు కొంటే డబ్బు దండగ.

టైర్లతో మొదలుపెట్టండి. గాలి ఎంత ఉండాలో చెయిన్ కవర్ మీదో, బండితో వచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. ఒక్కరికి వేరు, వెనక మనిషి ఉంటే వేరు. పొద్దున బండి తీయకముందే కొలవాలి. ఎండలో నలభై కిలోమీటర్లు తోలి బంకులో కొలిస్తే మూడు నాలుగు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువైందని అక్కడే తీసేస్తే, చల్లారాక టైరు మెత్తబడుతుంది. ముందు టైరులో గాలి తగ్గితే హ్యాండిల్ బరువెక్కుతుంది, బండి వంగడానికి ఒప్పుకోదు. పంచర్ షాపు మీటర్లను నమ్మకుండా చిన్న గేజ్ ఒకటి డిక్కీలో పెట్టుకోండి.

హైవే మీద ఎక్కువగా తిరిగే బండ్లకు ఇంకో జబ్బుంది. వెనక టైరు నడిమధ్యే అరిగి పలకలా చదునైపోతుంది. నిటారుగా పోయేటప్పుడు ఏమీ తెలియదు. మలుపులో వంచగానే మాత్రం టైరు ఆ చదును అంచు మీదికి ఎక్కి, బండి ఒక్కసారిగా పక్కకు పడబోయినట్టు అవుతుంది. బండిని దూరంగా నిలబెట్టి వెనక నుంచి చూస్తే టైరు పైభాగం గుండ్రంగా కనపడాలి. చదునుగా కనపడితే గాడి లోతు మిగిలున్నా సరే, మార్చేయండి. టైరు గోడ మీద నాలుగంకెలు కూడా చూడండి: 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైంది. ఐదారేళ్లు దాటిన రబ్బరు గట్టిపడి పట్టు తగ్గిపోతుంది. మార్చేటప్పుడు అందం కోసం వెడల్పు టైరు ఎక్కించకండి. అదే రిమ్ముకు వెడల్పు టైరు వేస్తే దాని గుండ్రదనం మారిపోయి బండి ఇంకా నిదానంగా తిరుగుతుంది. మీటియర్‌కు ముందు 100/90-19, వెనక 140/70-17. అవే ఉంచండి.

వెనక షాకబ్జర్లను షోరూం నుంచి వచ్చిన స్ప్రింగు బిగింపు మెట్టు మీదే ఏళ్ల తరబడి వదిలేసేవాళ్లే ఎక్కువ. మలుపుల్లో తేడా అంతా ఇక్కడే ఉంది కాబట్టి ఒక గంట కేటాయించండి. పక్కన ఇద్దరుండాలి. వెనక చక్రం గాల్లో ఉండేలా బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, ఇరుసు మధ్య నుంచి నిలువుగా పైకి మడ్‌గార్డ్ మీద ఒక గుర్తు దాకా కొలవండి. తర్వాత స్టాండ్ తీసి, హెల్మెట్, బూట్లతో సహా మీరు ఎక్కి కూర్చోండి. ఒకరు బండి పట్టుకుంటే ఇంకొకరు అదే కొలత మళ్లీ తీయాలి. రెండు కొలతల తేడాయే మీ బరువుకు స్ప్రింగు దిగిన లోతు. అది చక్రం మొత్తం కదలికలో మూడో వంతు లోపు ఉండాలి. వంద మి.మీ. కదలిక ఉన్న బండి 30–33 దగ్గర ఆగాలి. 45 వస్తే వెనక భాగం చతికిలబడినట్టే: ఫోర్కులు ఇంకా వాలిపోతాయి, ఫుట్‌రెస్ట్ నేలకు దగ్గరవుతుంది. సీ స్పానర్‌తో (కొక్కెం లాంటి పానా) ఒక మెట్టు బిగించి మళ్లీ కొలవండి. మీటియర్‌కు ఆరు మెట్లు ఉంటాయి. రెండు వైపులా ఒకే మెట్టు ఉండాలి, లేకపోతే బండి మెలికపడుతుంది. బిగిస్తే స్ప్రింగు గట్టిపడదు, బండి వెనక భాగం ఎత్తు పెరుగుతుంది, మనకు కావలసింది అదే. వెనక మనిషిని ఎక్కించుకుంటే ఇంకో రెండు మెట్లు పెంచి, దిగాక తగ్గించండి.

ముందు ఫోర్కుకు ప్లాస్టిక్ టై ఒకటి చాలు. ఫోర్కు గొట్టం చుట్టూ బిగించి రబ్బరు సీలు దాకా జరపండి. ఒక రోజు తోలాక అది ఎంత పైకి జరిగిందో చూస్తే ఫోర్కు ఎంత లోపలికి పోయిందో తెలుస్తుంది. మీటియర్ ఫోర్కు కదలిక 130 మి.మీ.; మామూలు బ్రేకులకే చివరిదాకా పోతుంటే ఆయిల్ చచ్చిపోయిందన్నమాట. ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్‌ను కిందికి నొక్కి వదలండి. ఒక్కసారి లేచి ఆగాలి, రెండు మూడు సార్లు ఊగకూడదు. ఆయిల్ మార్చేటప్పుడు మెకానిక్‌తో ఒక మాట గట్టిగా చెప్పండి: ఫోర్కు రెండు కాళ్లలో మట్టం సమానంగా ఉండాలి, కంపెనీ చెప్పినదానికన్నా ఎక్కువ పోయకూడదు. ఎక్కువైతే లోపల గాలికి చోటు లేక సీలు తన్నుకొస్తుంది.

ఇక కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగుల సంగతి. ముందు చక్రం గాల్లో ఉండేలా నిలబెట్టి హ్యాండిల్‌ను వేలితో మెల్లగా తిప్పండి. సరిగ్గా మధ్యలో చిన్న గుంతలో పడి ఆగినట్టుంటే బేరింగు గోళీలు అవి తిరిగే రింగుల్లో (రేసుల్లో) గాడి చేశాయి. అలాంటి బండి తిన్నగా పోవడానికి మొండికేస్తుంది, తిరగడానికీ మొండికేస్తుంది. గ్రీజు పెట్టి లాభం లేదు, సెట్ మార్చాలి. ఫోర్కు కింది భాగం పట్టుకుని ముందుకు వెనక్కు లాగితే టక్‌మన్నా, బ్రేకు వేసినప్పుడు హ్యాండిల్ వణికినా, నట్టు వదులైంది.

చెయిన్ బిగించాక వెనక చక్రం నిటారుగా ఉందో లేదో అడ్జస్టర్ గీతలు చూసి నిర్ణయించకండి. ఒక దారం తీసుకుని వెనక టైరు వెనక వైపు చుట్టి, రెండు కొసలూ ముందు చక్రం దాకా లాగండి, స్టాండ్‌కూ సైలెన్సర్‌కూ తగలకుండా. హ్యాండిల్ నిటారుగా ఉంచాలి. ముందు టైరు సన్నం కాబట్టి రెండు పక్కలా ఖాళీ ఉంటుంది. 140, 100 సైజుల తేడాను సగం చేస్తే పక్కకు 20 మి.మీ. వస్తుంది. ఒక పక్క 26, ఇంకో పక్క 14 ఉంటే చక్రం వంకరగా ఉన్నట్టే. ఒక వైపు అడ్జస్టర్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ సరిచేయండి. అప్పుడే స్వింగ్ ఆర్మ్‌ను (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) అటూ ఇటూ ఊపి బుష్ ఆడుతుందేమో చూడండి.

సామాను ఎక్కడ పెడతారన్నదీ లెక్కే. వెనక ఇరుసు దాటి టాప్ బాక్సులో బరువు పెడితే ముందు చక్రం తేలిపోతుంది. బరువైనవి వెనక సీటు మీద లేదా పక్క బ్యాగుల్లో కిందికి, ముందుకు పెట్టండి.

ఇక తోలడం. మలుపు తిరగాలంటే లోపలి వైపు గ్రిప్పును ముందుకు నెట్టాలి: కుడికి పోవాలంటే కుడి చేత్తో ముందుకు. పొడుగు బండికి శరీరాన్ని వంచితే సరిపోదు, ఈ నెట్టుడే పని చేస్తుంది. ఊరి బయట ఖాళీ లేఅవుట్ రోడ్ల మీద 40 కి.మీ. వేగంలో సాధన చేయండి.

వేగం ఎందుకు ముందే తగ్గించాలో లెక్క చూడండి. 30 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపును 47 కి.మీ. వేగంతో తీయాలంటే బండి సుమారు 30 డిగ్రీలు వంగాలి. అదే మలుపుకు 55 కి.మీ. అయితే 38 డిగ్రీలు. చాలా క్రూజర్లకు 30 డిగ్రీల చుట్టుపక్కలే ఫుట్‌రెస్ట్ నేలను తాకుతుంది. అందుకే నిటారుగా ఉన్నప్పుడే బ్రేకు పూర్తి చేసి, గేరు దించి, మలుపులో యాక్సిలరేటర్‌ను సమంగా పట్టుకోండి. మధ్యలో ఒక్కసారిగా వదిలేస్తే బండి దిగి ఇంకా గీస్తుంది. ఫుట్‌రెస్ట్ గీసినా భయపడి బ్రేకు కొట్టకండి, అది మడుచుకుంటుంది. ఛాతీని లోపలి అద్దం వైపు కొంచెం జరపండి, అదే మలుపుకు బండి తక్కువ వంగితే చాలు. ఫుట్‌రెస్ట్ తర్వాత తగిలేది సైలెన్సర్ లేదా స్టాండ్. అవి నేలకు ఆనితే చక్రం లేచిపోతుంది.

కుడి మలుపుల్లో మీ లేన్ ఎడమ అంచున ఉండండి. వంగినప్పుడు మీ తల మధ్య గీత దాటి అవతలికి పోతుందని మరిచిపోకండి, ఎదుటి నుంచి లారీ వస్తూ ఉండొచ్చు. చీమకుర్తి–పొదిలి రోడ్డులో గ్రానైట్ పొడి, కొత్తపట్నం, మైపాడు బీచ్ రోడ్ల మీద ఇసుక, కోవూరు వైపు కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు: వీటి మీద వంచకూడదు. ముందే నిటారు చేసి, దాటాక తిప్పండి. దోర్నాల రోడ్డులో కోతులు మలుపు చివర్లోనే కూర్చుంటాయి. రాత్రి అటవీ శాఖ గేట్లు మూస్తుంది కాబట్టి చీకటి పడకముందే దాటాలన్న తొందరలో వేగం పెంచకుండా పొద్దున్నే బయలుదేరండి.

ఇవన్నీ చేశాక కూడా చాలలేదంటే అప్పుడు ఖర్చు. వరస ఇది: మంచి టైర్లు, మీ బరువుకు తగ్గ ఫోర్కు స్ప్రింగులు, ఆ తర్వాత వెనక షాకబ్జర్లు. పొడుగు షాకబ్జర్లు వేస్తే ఉన్నదానికన్నా 10 మి.మీ. మించనివ్వకండి. అంతకు మించితే హ్యాండిల్ తేలికై హైవేలో నిలకడ పోతుంది. సైడ్ స్టాండ్ మీద బండి మరీ ఎక్కువగా వాలి, మెత్తటి నేల మీద స్టాండ్ వైపే పడిపోతుంది.