బొమ్మల దండు – 6వ పాఠం: బల్ల చిన్నదైతే

బల్ల మీద చిన్న బొమ్మల సైన్యాలతో ఆడే మన యుద్ధపు ఆట గురించి పోయిన పాఠం చివర నేనొక మాట రాశాను: "ఇంట్లో ఆరడుగుల బల్ల లేనివాళ్లు సగం చేసుకుని ఆడండి." ఆ ఒక్క ముక్క ఎంతమందిని ఇబ్బంది పెట్టిందో ఈ పదిహేను రోజుల్లో తెలిసింది. గుణుపురం నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి, "మాస్టారూ, రెండో రౌండుకే ఆట అయిపోయింది. మా బావ గుర్రాలు మొదటి కదలికలోనే నా తుపాకుల వాళ్ల మీద పడ్డాయి. మోహరింపు మీరు చెప్పినట్టే చేశాను" అన్నాడు. రాయగడ అక్కచెల్లెళ్లు పంపిన ఫోటోలో బల్ల మీద ఖాళీ అన్నదే లేదు. పెళ్లి భోజనాల బంతిలో కూర్చున్నట్టు బొమ్మలన్నీ భుజాలు రాసుకుంటూ ఉన్నాయి. ఇచ్ఛాపురం కుర్రాడైతే ఇక ఈ ఆట వద్దనుకుని రంగు సీసాలకు మూతలు బిగించేశాడట. ముఖ్యంగా అతని కోసమే ఈ పాఠం. కొండలు, ఎత్తుల మీద ఈసారి చెబుదామనుకున్నది తరవాతికి జరుపుతున్నాను.

పాచికలు వేయడం, దెబ్బలు లెక్కేయడం మళ్లీ చెప్పను. అవి మీకు వచ్చేశాయి.

ఆరు బై నాలుగు బల్లలో సగం అంటే దాదాపు అందరూ మూడు బై రెండు చేశారు. అది సగం కాదు, పావు. ఈ ఒక్క విషయం దగ్గర నాకు ఓపిక తక్కువ, ఎందుకంటే చదువుకున్నవాళ్లూ ఇక్కడే పడతారు. బరంపురంలో ఉన్నాను కాబట్టి అప్పడంతో చెబుతాను. ఒక చిన్న అప్పడం, దానికి రెట్టింపు వెడల్పున్న పెద్ద అప్పడం పక్కపక్కన పెట్టండి. ఒకే మందంలో వత్తితే పెద్దదానికి పట్టే పిండితో చిన్నవి రెండు కాదు, నాలుగు వస్తాయి. ముగ్గు వేసేవాళ్లకు ఇంకా సులువు. ఎనిమిది చుక్కలు ఎనిమిది వరసలు పెడితే అరవై నాలుగు చుక్కలు. నాలుగు చుక్కలు నాలుగు వరసలు పెడితే పదహారే. ముప్పై రెండు కాదు. బల్లా అంతే. ఆరు నాలుగులు ఇరవై నాలుగు చదరపు అడుగులు. మూడు రెళ్లు ఆరు. దండును మాత్రం మీరు 2000 పాయింట్ల (దండులోని బొమ్మలన్నిటి ఖరీదు లెక్క) నుంచి 1000కి, అంటే నిజంగా సగానికే తగ్గించారు. సగం దండును పావు చోటులోకి తోశారు. అందుకే రాయగడ వాళ్ల బల్ల మీద రద్దీ రెట్టింపయింది. రెండు పొడవులూ సగం చేస్తే చోటు పావు అవుతుంది. దయచేసి దీన్ని నోటుబుక్కు అట్ట మీద రాసుకోండి.

సగం చేయాలంటే ఒక్క పొడవునే కోయాలి. ఇది నా సొంత తెలివి కాదు. గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ 2020లో ఇలాంటి బొమ్మల యుద్ధపు ఆటే అయిన వార్‌హామర్ 40,000 తొమ్మిదో ఎడిషన్ తెచ్చినప్పుడు, అందరూ వాడుతూ వచ్చిన ఆరు బై నాలుగును వదిలేసి, 2000 పాయింట్ల ఆటకు కనీసం 60 బై 44 అంగుళాల బల్ల అంది. 1000 పాయింట్లకు 44 బై 30. చూడండి, 44 అలాగే ఉంది, 60 మాత్రమే 30 అయింది. పాయింట్లు సగం, చోటూ సరిగ్గా సగం.

ఇప్పుడు గుణుపురం తమ్ముడి గుర్రాల సంగతి. బల్ల చిన్నదైనా దూరాలు కొలిచే టేపు చిన్నది కాదు. మన పాఠాల లెక్క ప్రకారం కాలిబంటు 6 అంగుళాలు నడుస్తాడు, గుర్రం 12 దూకుతుంది, తుపాకీ 24 అందుతుంది. నాలుగడుగుల లోతున్న బల్ల మీద రెండు వైపులా మోహరింపుకు, అంటే ఆట మొదట్లో దండును నిలబెట్టే చోటుకు, 12 అంగుళాల చొప్పున పోతే మధ్యలో 24 మిగులుతుంది. గుర్రానికి అది రెండు వంతుల, అంటే రెండుసార్లు కదిలే ప్రయాణం. ఆ రెండు వంతుల్లో తుపాకుల వాళ్లు కాల్చుకోవచ్చు, వెనక్కి జరగొచ్చు, ఈటెల వాళ్లను ముందుకు తేవచ్చు. తమ్ముడు అన్నిటినీ సగం చేశాడు కాబట్టి మధ్యలో మిగిలింది 12 అంగుళాలు. అంటే గుర్రానికి ఒక్క గెంతు. అతను ఆలోచించుకోవాల్సిన వ్యవధి ఆట మొదలవకముందే పోయింది. బావ గొప్పగా ఆడి గెలవలేదు, తమ్ముడు తప్పుగా ఆడీ ఓడలేదు. ఓడించింది బల్ల లోతు.

అందుకే 44 బై 30 బల్ల మీద నేనెప్పుడూ 30 అంగుళాల అంచుల వైపే ఆటగాళ్లను నిలబెడతాను. అప్పుడు లోతు 44 ఉంటుంది. మోహరింపు చెరో 10 తీసినా మధ్యలో 24 పదిలం. వెడల్పు తగ్గినందుకు మరో తిప్పలుందనుకోండి. 32 మిల్లీమీటర్ల బేసులు (బొమ్మ కింద ఉండే గుండ్రటి దిమ్మలు) ఉన్న బొమ్మలు ఇరవై మూడు వరసగా నిలబడితే ఈ చివర నుంచి ఆ చివరకు గోడ కట్టేసినట్టే. పక్క నుంచి చుట్టివెళ్లే దారి ఉండదు. గుర్రాల దళాలు ఎక్కువ కొనుక్కున్నవాళ్లకు ఇది బాధే. నేను చిన్న బల్ల మీద ఒక్క గుర్రపు దళం మించి పెట్టను.

తుపాకుల మీద ఖర్చూ మారాలి. 44 బై 30 బల్ల మీద మూల నుంచి మూలకు సుమారు 53 అంగుళాలు. 48 అంగుళాలు అందే ఫిరంగికి పాయింట్లు పోసి కొంటే, ఆ దూరంలో చివరి భాగం మీకు అరుదుగానే వాడకంలోకి వస్తుంది. దాని బదులు దగ్గర్లో గట్టిగా కొట్టేది కొనండి. ఆట మధ్యలో వెనక నుంచి బల్ల మీదకు దిగే రిజర్వు దళాలకూ చోటు దొరకదు. శత్రువుకు 9 అంగుళాలకు మించిన దూరంలో దిగాలన్న నియమం ఉన్న ఆటల్లో ఒక్క బొమ్మ తన చుట్టూ 250 చదరపు అంగుళాలకు పైగా మూసేస్తుంది. ఈ బల్ల మొత్తం 1320 మాత్రమే.

కొలతలన్నీ సరిచేసినా, చూపు ఆపే అడ్డులు లేకపోతే చిన్న బల్ల మీద ఆట బతకదు. మన ప్రాంతంలోనే దానికి సాక్ష్యముంది. 1758లో చందుర్తి దగ్గర ఇంగ్లీషు వాళ్లకూ ఫ్రెంచి వాళ్లకూ యుద్ధం జరిగింది. ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ తాలూకు తెల్ల సిపాయిలు ఎత్తుగా పెరిగిన చేను వెనక కనబడకుండా పోయారు. ఎర్ర చొక్కాలు తొడిగిన దేశీ సిపాయిలనే అసలు ఇంగ్లీషు దళమనుకుని ఫ్రెంచి వాళ్లు వాళ్ల మీదకు వెళ్లారు. దాంతో యుద్ధం తిరగబడింది. ఒక చేను చేసిన పని అది. మీ బల్ల మీద కూడా మధ్యలో అలాంటి చేను ఒకటి ఉండాలి. నేను కొబ్బరి పీచును అట్టముక్కకు జిగురుతో అంటించి, పైన కత్తెరతో సమంగా కత్తిరిస్తాను. బొమ్మ తల మునిగేంత ఎత్తుండాలి. మా వీధిలో నేతగాళ్లు ఇచ్చిన ఖాళీ కండెలు నిలబెడితే బురుజులు. పెట్టాక బల్ల అంచుకు వంగి, కన్ను బొమ్మ తల ఎత్తుకు తెచ్చి చూడండి. వంగలేకపోతే ఫోన్ కెమెరాను బేసు పక్కన ఆనించి ఫోటో తీయండి. అవతలి వైపు మోహరింపు మొత్తం ఆ ఫోటోలో కనబడితే ఇంకో రెండు అడ్డులు కావాలి.

చాలామంది అడిగింది: అంగుళాల బదులు సెంటీమీటర్లు కొలిస్తే సరిపోదా? 6 మిల్లీమీటర్ల ఎత్తున్న బొమ్మలకు సరిపోతుంది, బాగుంటుంది కూడా. 28 మిల్లీమీటర్ల బొమ్మలతో మాత్రం నాకు అస్సలు నచ్చదు. కాలిబంటు 6 సెంటీమీటర్లు నడిస్తే తన బేసుకు రెండింతలు కూడా కదలడు. 15 మిల్లీమీటర్ల వాళ్లు అంగుళాన్ని అరంగుళం చేసుకుంటే చాలు.

బల్ల ఎక్కడిదంటారా? వడ్రంగి దగ్గర ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు ఒకటి కొని, 44 బై 30 ముక్కలు మూడు కోయమనండి. సరిగ్గా వస్తాయి. రెండు కలిపితే 60 బై 44, విడిగా ఒకటి చిన్న ఆటకు. మిగిలిన ఆరంగుళాల పట్టీ పారేయకండి, కొండల పాఠంలో కావాలి. ముక్కల వెనక 1, 2, 3 అని రాయించండి. లేకపోతే కలిపిన ప్రతిసారీ అతుకు దగ్గర ఎత్తుపల్లాలొచ్చి బొమ్మలు ఒరిగిపోతాయి.

అభ్యాసం ఈసారి కాస్త బరువైనదే. అవే రెండు దండులు, 1000 పాయింట్లు, మూడు ఆటలు. మొదటిది 44 లోతుగా, అడ్డులు లేకుండా. రెండోది 30 లోతుగా, అడ్డులు లేకుండా. మూడోది 44 లోతుగా, చేనుతో, కనీసం ఆరు అడ్డులతో. ప్రతి ఆటలో మొదటి దెబ్బ ఏ రౌండులో పడింది, మొదటి ఛార్జి (శత్రువు మీదకు దూకి తలపడటం) ఏ రౌండులో తగిలింది, రెండో రౌండు చివరకు ఎవరి దగ్గర ఎన్ని బొమ్మలు మిగిలాయి అన్నవి రాయండి. ఎవరు గెలిచారో నాకు అక్కర్లేదు. గుణుపురం తమ్ముడు మళ్లీ బావతోనే ఆడాలి, గుర్రాలు కూడా అవే ఉండాలి. ఇచ్ఛాపురం బాబూ, నువ్వు మూడో ఆట ఒక్కటే ఆడు. రంగు పూర్తికాని బొమ్మలతో ఆడినా ఫర్వాలేదు.