ఉన్న ఉద్యోగం వదిలి కొత్త పనిలోకి దిగాలంటే

జీతం ఒకటో తారీకుకల్లా పడుతుంది, కానీ ఆ కుర్చీలో కొత్తగా నేర్చుకునేది ఏళ్లుగా ఏమీ లేదు. మనసు వేరే పని మీదికి పోయినా కాలు కదలదు. చాలామందిని ఆపేది ఇంటి లెక్క తేలకపోవడమే. అందుకే అక్కడ మొదలుపెట్టండి.

ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. ఆరు నెలలది చాలదు. జూన్‌లో స్కూలు ఫీజులు, బండి ఇన్సూరెన్సు, సంక్రాంతి ఖర్చు, చుట్టాల పెళ్లిళ్లు అందులో తప్పిపోతాయి, తీరా ముంచేవి అవే. మొత్తాన్ని 12తో భాగిస్తే నెలకు 40,000 తేలిందనుకోండి, జీతం లేకుండా 9 నెలలు గడవడానికి 3,60,000 చేతిలో ఉండాలి. కొత్త పని పెట్టుబడి దీంట్లో కలపొద్దు. ఈ డబ్బు ఒకే ఎఫ్‌డీగా కాకుండా నాలుగైదుగా వేస్తే, అవసరానికి ఒక్కటే విరుస్తారు.

తర్వాత ఆ పనిని దగ్గరగా చూడండి. మొక్కల నర్సరీ పెట్టాలనుకుంటే, నర్సరీలకు పేరున్న కడియం వెళ్లి, యజమానిని అడిగి, సెలవు పెట్టి వారం రోజులు ఉండండి. పొద్దున్నే నీళ్లు పట్టడం, మట్టీ ఎరువూ కలిపి కవర్లు నింపడం, అంట్లు కట్టడం, లారీ లోడింగ్, అరువు తీసుకున్నవాళ్లకు ఫోన్ల మీద ఫోన్లు చేయడం. పూలు నచ్చడం వేరు, ఈ పని నచ్చడం వేరు. నాలుగో రోజు నడుం పట్టేసినా ఐదో రోజు మళ్లీ వెళ్లాలనిపిస్తే ముందుకెళ్లొచ్చు. ఏ రంగమైనా ఇంతే: అందులో విసుగు పుట్టించే భాగమేదో ముందు చేసి చూడాలి.

ఇంట్లో చెప్పేటప్పుడు "మానేద్దామనుకుంటున్నా" అని మొదలెడితే గొడవే. లెక్క కాగితం ముందు పెట్టండి. ఫలానా నెలకల్లా ఇంటి ఖర్చులో సగమైనా రాకపోతే మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటానని దాని మీదే రాయండి. అమ్మానాన్నలకు, భార్యకో భర్తకో కావాల్సింది ఆ గడువే. మీకూ అదే మేలు, రెండో నెలలో బెంబేలెత్తి వెనక్కి పరిగెత్తకుండా ఆపుతుంది.

ఇక రాజీనామా తేదీ. ఆఫీసు ఇచ్చే గ్రూప్ ఆరోగ్య బీమా మామూలుగా ఆఖరి పనిదినంతో పోతుంది. సొంత పాలసీలో ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులు క్లెయిమ్ ఉండదు, ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. కాబట్టి పాలసీ రెండు నెలల ముందే తీసుకోండి, బీపీ, షుగర్ దాచకుండా రాయండి. దాస్తే క్లెయిమ్ తిరస్కరించొచ్చు.

పర్మనెంట్ ఉద్యోగికి గ్రాట్యుటీ, అంటే మానేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే డబ్బు, రావాలంటే ఐదేళ్ల సర్వీసు కావాలి. బేసిక్, డీఏ కలిపి 26,000 ఉంటే ఏడాదికి 15,000 చొప్పున ఐదేళ్లకు 75,000. ఇంకో రెండు నెలల్లో ఐదేళ్లు నిండేలా ఉంటే ఆగండి. ఐదేళ్లలోపు పీఎఫ్ తీస్తే సాధారణంగా పన్ను పడుతుంది, అందుకే దాని జోలికి పోవద్దు. హోమ్ లోన్ అవసరముంటే జీతం స్లిప్పులు ఉండగానే చూసుకోండి, కొత్త ఈఎమ్‌ఐని ఇంటి లెక్కలో కలిపాకే సంతకం పెట్టండి.

రిలీవింగ్ లెటర్, ఫామ్ 16 (జీతంలో కోసిన పన్నుకు ఆఫీసు ఇచ్చే సర్టిఫికెట్) చేతికొచ్చేదాకా ఆఫీసులో ఎవరితోనూ మాట తూలొద్దు. గడువు తప్పి మళ్లీ ఉద్యోగం వెతకాల్సొస్తే మొదట అడిగేవి ఆ కాగితాలే.