పిల్లల పుట్టినరోజుకి రిటర్న్ గిఫ్ట్ ఇవ్వాలా, మానాలా? తేల్చుకునే పద్ధతి

రిటర్న్ గిఫ్ట్ సంగతి చాలా ఇళ్లలో పార్టీకి రెండు రోజుల ముందు గుర్తొస్తుంది. అప్పటికి కేక్ చెప్పడం అయిపోయి, పిలుపులు వెళ్లిపోయి, అనుకున్న డబ్బులో ఎక్కువ భాగం ఖర్చయిపోయి ఉంటుంది. దాంతో దొరికినవేవో పాతిక పట్టుకొచ్చి, కవర్లలో వేసి పంచేస్తారు. ఈ హడావుడి తప్పాలంటే ఒకటే దారి: ఇవ్వాలా వద్దా అన్నది పిలుపులు వెళ్లకముందే తేల్చుకోవాలి. ఎందుకంటే దీన్ని నిర్ణయించేది వస్తువు కాదు, ఎంతమందిని పిలుస్తున్నారన్నది.

ముందు తలల లెక్క

కాగితం మీద పేర్లు రాయండి. పిలిచినవాళ్లు 18 మంది అనుకుందాం. వాళ్లలో ఎవరి వెంట తమ్ముడో చెల్లో వస్తారో చూసుకుంటే ఇంకో 4. మీ బిడ్డకి 1. అనుకోకుండా వచ్చేవాళ్ల కోసం 2. మొత్తం 25. ఇందులో చాలామంది మరిచిపోయేది మీ బిడ్డకు ఉంచాల్సింది. అందరికీ తన చేత్తో ఇచ్చి, చివరికి తనకేమీ మిగల్లేదని ఏడుపు మొదలుపెట్టేది ఆ రోజు పుట్టినరోజు జరుపుకున్నవాడే.

డజను ప్యాకెట్లలో అమ్మే వస్తువైతే ఇక్కడే చిక్కు వస్తుంది. రెండు ప్యాకెట్లు తెస్తే ఒకటి తగ్గుతుంది, మూడు తెస్తే 11 మిగులుతాయి. కాబట్టి విడిగా కొనగలిగేదైనా చూడాలి, మిగిలినా ఇంట్లో వాడుకోగలిగేదైనా చూడాలి. క్రేయాన్లు, పెన్సిళ్లు, నోటు పుస్తకాలు మిగిలితే బాధ లేదు. ఏదో బొమ్మ ముఖం అచ్చేసిన ప్లాస్టిక్ కళ్లజోళ్లు 11 మిగిలితే అవి అటక మీదికే.

తరవాత డబ్బు. పార్టీ మొత్తానికి ఇంత అని ముందే అనుకుని, అందులో పదో వంతుకు మించకుండా దీనికి కేటాయించండి. ఆ మొత్తాన్ని తలల లెక్కతో భాగిస్తే ఒక్కొక్కరికి ఎంత పడుతుందో తెలుస్తుంది. ఆ డబ్బుతో నెల రోజులు నిలిచే వస్తువు ఒక్కటైనా వస్తుందా? వస్తే ఇవ్వండి. రాకపోతే రెండే మార్గాలు: పిలిచేవాళ్లను తగ్గించడం, లేదా ఇవ్వడం మానేయడం. నాసిరకానివి నాలుగు కలిపి సంచి నింపడం మూడో మార్గంలా కనిపిస్తుంది గానీ, అది డబ్బు పారేయడమే.

ఎవరి వయసుకి ఏది అక్కర్లేదు

ఏడాది, రెండేళ్ల పిల్లల పుట్టినరోజుకి రిటర్న్ గిఫ్ట్ మానేయడం అన్నిటికన్నా తేలిక. ఆ వయసు పిల్లలకు అలా ఒకటి ఇస్తారనే తెలియదు, ఇచ్చినవాటిలో సగం వాళ్లు నోట్లో పెట్టుకోకూడనివే ఉంటాయి. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లు మాత్రం ఎదురుచూస్తారు. వాళ్లకు వస్తువు విలువతో పని లేదు, తనకూ ఒకటి వచ్చిందా లేదా అన్నదే ముఖ్యం. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి పోలికలు మొదలవుతాయి: వాడిది పెద్దది, నాది చిన్నది. పదేళ్లు దాటినవాళ్లు చిన్న చిన్న బొమ్మలను అసలు పట్టించుకోరు. వాళ్లకు పనికొచ్చేది ఇవ్వగలిగితే ఇవ్వండి, లేదంటే వదిలేయండి.

సినిమాకో, ఈతకో, ఆటస్థలానికో టికెట్ కొని తీసుకెళ్తున్నారంటే ఆ రోజే వాళ్లకిచ్చే బహుమతి. దాని మీద ఇంకో సంచి అక్కర్లేదు. అలాగే నలుగురైదుగురు దగ్గరి స్నేహితులతో ఇంట్లో జరుపుకునే పార్టీకి కూడా.

మరి మన పిల్లలు వెళ్లిన ప్రతిచోటా ఇస్తున్నారు, మనం ఇవ్వకపోతే ఎలా అన్న మొహమాటం ఉంటుంది. అది పెద్దవాళ్ల మొహమాటమే ఎక్కువ. మీ చుట్టూ ఉన్నవాళ్లందరూ తప్పకుండా ఇచ్చే అలవాటుంటే, పూర్తిగా మానేసే కన్నా చిన్నదైనా ఒకటి ఇవ్వడం నయం. అయితే ముందు ఇచ్చినవాళ్ల కన్నా పెద్దది ఇవ్వాలన్న పోటీలో దిగకండి. వచ్చే ఏడు మీ స్థాయిని మీరే మళ్లీ అందుకోవాలి.

ఇవ్వకూడదనుకుంటే

పిలుపులో ‘రిటర్న్ గిఫ్ట్‌లు లేవు’ అని రాయకండి, చదివేవాళ్లకు అది విడ్డూరంగా ఉంటుంది. దానికి బదులు బహుమతులు తేవద్దని చెబితే రెండు వైపులా లెక్క సరిపోతుంది. ‘కానుకలేమీ వద్దండి, పిల్లలు వచ్చి ఆడుకుంటే అదే మాకు సంతోషం’ అని ఒక్క వాక్యం చాలు. అయినా కొందరు తెస్తారు, కొందరు తేరు. తెచ్చినవాటిని అందరి ముందూ విప్పకుండా లోపలి గదిలో పెట్టేయండి, లేకపోతే మీ మాట నమ్మి ఖాళీ చేతులతో వచ్చినవాళ్లు ఇబ్బంది పడతారు.

వెళ్లేటప్పుడు ఎవరో ఒక చిన్నవాడు ‘నాకేది ఆంటీ?’ అని అడుగుతాడు. తడబడి వంటింట్లోకి పరిగెత్తి బిస్కెట్ ప్యాకెట్ తెచ్చి వాడి చేతిలో పెడితే, వెనకున్న పదిమందికీ తేవాల్సి వస్తుంది. ‘ఇవాళ ఆటలు, కేకే నాన్నా. బాగా ఆడావు కదా!’ అని నవ్వుతూ చెబితే వాడు మరుక్షణమే మరిచిపోతాడు. ఇవ్వడం లేదన్న విషయం మీ బిడ్డకు కూడా ముందు రోజే చెప్పి ఉంచండి.

ఒకటే ఇవ్వండి, అందరికీ ఒకేలా

ఇవ్వాలని తేల్చుకుంటే సంచి ఆలోచన పక్కన పెట్టి ఒకే ఒక్క వస్తువు గురించి ఆలోచించండి. పలచటి కథల పుస్తకం, పన్నెండు రంగుల క్రేయాన్ల పెట్టె, చాక్‌పీసుల పెట్టె, పెద్ద ముక్కలున్న జిగ్‌సా పజిల్, గట్టి అట్టలున్న బొమ్మలు గీసుకునే పుస్తకం. రంగు కూడా ఒకటే తీసుకోండి. నాలుగు రంగులు తెస్తే పిల్లలందరూ ఒకే రంగు అడుగుతారు. ఆడపిల్లలకు ఇవి, మగపిల్లలకు అవి అని విడదీస్తే తలల లెక్క రెండు లెక్కలవుతుంది, ఒకవైపు మిగిలి ఇంకోవైపు తగ్గుతుంది. వాటి మీద పిల్లల పేర్లు రాయించడం ముచ్చటగా ఉంటుంది గానీ, రానివాళ్లవి మిగిలిపోతాయి, చెప్పకుండా వచ్చినవాళ్లకు ఉండవు.

విజిల్, బూర లాంటివి ఇస్తే వాళ్ల అమ్మానాన్నలు మిమ్మల్ని వారం రోజులు తలచుకుంటూనే ఉంటారు, మంచిగా మాత్రం కాదు. సబ్బు బుడగల సీసా ఇస్తే మూత బిగించి చుట్టూ టేపు వేయండి. లేదంటే దారిలో కారి పక్కనున్నవన్నీ జిడ్డవుతాయి.

ఇంకో మంచి పద్ధతి, పార్టీలో పిల్లలు తమ చేత్తో చేసుకున్నదే ఇంటికి తీసుకెళ్లడం. ఆట, కానుక రెండూ ఒకే ఖర్చులో తీరతాయి. బుక్‌మార్క్ అయితే మందపాటి అట్టను 5 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవున ముందే కత్తిరించి, పై అంచుకు ఒక సెంటీమీటర్ కింద రంధ్రం వేసి ఉంచండి. రంగులు వేయడాన్ని పార్టీలో మొదటి పనిగా పెట్టండి. కేక్ కోసే వేళకి ఆరిపోతాయి, అప్పుడు రంధ్రంలోంచి 20 సెంటీమీటర్ల రిబ్బన్ కట్టివ్వచ్చు. చివర్లో పెడితే తడి రంగు బట్టలకు అంటుకుంటుంది.

విత్తనాలు నాటించాలనుకుంటే కాగితపు కప్పుల అడుగున పెన్సిల్‌తో మూడు రంధ్రాలు చేయండి. మట్టి పోయకముందే కప్పు మీద పేరు రాయాలి, తడిసిన కాగితం మీద పెన్ను పారదు. మూడింట రెండు వంతులు మట్టి నింపి, రెండు చిక్కుడు గింజలను 2 సెంటీమీటర్ల లోతున పెట్టించండి. వెచ్చగా ఉంటే వారం, పది రోజుల్లో మొలక పైకి వస్తుంది. గులాబీ రంగో నీలం రంగో పూసిన గింజలు కొనకండి. అది తెగుళ్ల మందు పూత, పిల్లల చేతుల్లోకి రాకూడదు. నీళ్లు ఇంటికి వెళ్లాక పోయమనండి, లేకపోతే దారంతా బురద.

నోటికి, గొంతుకి ప్రమాదమైనవి

తొందరలో కొన్న చిన్న బొమ్మలతో వచ్చే అసలు ఇబ్బంది ఇదే. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలను పరీక్షించే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా దిగిపోయే వస్తువు ఏదైనా గొంతుకు అడ్డం పడగలదు. ఇంట్లో చూసుకోవాలంటే టాయిలెట్ పేపర్ చుట్టలోని అట్ట గొట్టం పనికొస్తుంది. అది కాస్త వెడల్పుగా ఉంటుంది కాబట్టి పరీక్ష ఇంకొంచెం కఠినం, అదీ మంచిదే. వస్తువు అలాగే దిగకపోయినా, ఊడి వచ్చే చక్రం, మూత, గుండీ దిగుతాయేమో లాగి చూడండి. ఎగిరే చిన్న రబ్బరు బంతులు, గోళీలు ఇందులో మొదటివి. గుండ్రంగా ఉండటం వల్ల అవి గొంతును పూర్తిగా మూసేస్తాయి.

బెలూన్లు ఇంటికి పంపకండి. గాలి నింపనివి, పగిలిన ముక్కలు ఊపిరి ఆడకుండా చేస్తాయి. రబ్బరు బెలూన్ల హెచ్చరిక ఎనిమిదేళ్ల లోపు పిల్లలందరికీ వర్తిస్తుంది, మూడేళ్ల లోపువాళ్లకే కాదు.

లైటు వెలిగే ఉంగరాలు, పాడే చిన్న బొమ్మల్లో గుండీలాంటి బ్యాటరీ ఉంటుంది. ముఖ్యంగా 20 మిల్లీమీటర్ల లిథియం బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కణజాలం కాలిపోవడం మొదలవుతుంది. మింగారన్న అనుమానం వస్తే వాంతి చేయించకుండా, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్క్రూతో బిగించిన మూత లేని బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా కొనకండి. బలమైన చిన్న అయస్కాంతాలు రెండు మింగితే పేగుల గోడలను మధ్యలో నొక్కిపట్టి చిల్లు పెడతాయి. నీళ్లలో ఉబ్బే రంగు పూసలు కడుపులో కూడా ఉబ్బుతాయి. ఈ మూడూ, లేజర్ లైట్లూ, ఏ వయసు పిల్లలకైనా ఇచ్చే జాబితాలోంచి కొట్టేయండి.

వచ్చేవాళ్లలో పెద్ద పిల్లలతో పాటు మూడేళ్ల లోపువాళ్లూ ఉంటే రెండు రకాలు తప్పవు. రెండింటికీ పైన ఒకే కాగితం చుట్టి, చిన్నవాళ్లవాటి అడుగున చిన్న చుక్క పెట్టండి. చూడటానికి అన్నీ ఒకటే, ఇచ్చే పెద్దవాళ్లకు మాత్రం తేడా తెలుస్తుంది.

తినేవి ఇవ్వాలంటే ఇంకో అడుగు ఉంది. వేరుశనగ, జీడిపప్పు, పాలు, గుడ్డు, గోధుమ పడని పిల్లలున్నారేమో పిలిచేటప్పుడే అడగండి. పెద్ద ప్యాకెట్ విప్పి చిన్న కవర్లలో సర్దితే అందులో ఏముందో చెప్పే చీటీ పోతుంది. కంపెనీ ప్యాకెట్ ఎలా ఉందో అలాగే ఇవ్వండి. ఐదేళ్ల లోపువాళ్లకు గట్టి గుండ్రటి చాక్లెట్లు, విడి పప్పులు వద్దు. బడిలో పంచాలనుకుంటే ముందు టీచర్‌ను అడగండి, తినేవి రానివ్వని బడులు చాలానే ఉన్నాయి. క్లాసులో లెక్క హాజరు పట్టీ ప్రకారం వేసుకోండి, ఆ రోజు రానివాళ్లను కూడా కలిపి.

గుమ్మం దగ్గర

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా, ఇచ్చే వేళ తప్పితే గందరగోళమే. ఆట మధ్యలో ఇస్తే అక్కడే విప్పుతారు, ముక్కలు పోతాయి, ఎవరిది ఎవరిదో తెలియదు. కాబట్టి పార్టీ అయ్యేదాకా పిల్లలకు కనపడని చోట ఉంచి, చెప్పులు వేసుకున్నాకే చేతికివ్వాలి. గుమ్మం దగ్గర ఒక పెద్దవాళ్లు పేర్ల కాగితంతో నిలబడి ఇచ్చినట్టల్లా టిక్కు పెడితే రెండుసార్లు ఎవరికీ వెళ్లదు. తొందరగా వెళ్లిపోయేవాళ్లది వాళ్లు బయల్దేరేటప్పుడు పక్కగా ఇచ్చేయండి. అందరూ చూస్తుండగా ఇస్తే అక్కడికక్కడే వరుస కడతారు.

పుట్టినరోజు బిడ్డ చేత ఇప్పించి ‘వచ్చినందుకు థ్యాంక్స్’ అనిపించడం బాగుంటుంది. నాలుగేళ్ల లోపువాళ్లు ఒక్కోసారి ఇవ్వనని గట్టిగా పట్టుకుంటారు. బలవంతపెట్టకుండా, వాళ్లది వాళ్లకు ముందే చేతికిచ్చి మిగతావి మీరే ఇవ్వండి. ఆటల్లో గెలిచినవాళ్లకు వేరే బహుమతి పెడుతుంటే దాన్నీ దీన్నీ కలపకండి. గెలవని పిల్లలు తమకు తగ్గిందనుకుంటారు, అది సర్దిచెప్పడానికి ఇంకో అరగంట పడుతుంది. తీసుకోకుండా వెళ్లిపోయినవాళ్లు ఎవరైనా ఉంటే పట్టీలో టిక్కు లేని పేరు చూస్తే తెలుస్తుంది, మర్నాడు పంపించవచ్చు.