గబ్బిలం ఈగను, దాని మీద పెరిగే ఫంగస్‌ను గుర్తించడం ఎలా?

గబ్బిలం ఈగ అంటే గబ్బిలాల ఒంటి మీద బతుకుతూ వాటి రక్తం తాగే ఈగ. ముందే చెప్పేస్తున్నా, దీన్ని చూడటం కోసం గబ్బిలాలను పట్టుకోవడానికి గుహల్లో దూరకండి. అనుమతులు, శిక్షణ, రేబిస్ టీకా ఉన్న పరిశోధకులు వేరే పనుల మీద గబ్బిలాలను పడుతూనే ఉంటారు, వాళ్లు తీసిపెట్టిన ఈగలు చాలు. లేదంటే మ్యూజియంలలో ఏళ్ల తరబడి ఆల్కహాల్‌లో ఉన్న సీసాలు చూడనివ్వమని అడగండి, పాత ఈగల మీద కూడా ఫంగస్ దొరుకుతుంది.

సామాను పెద్దగా ఏమీ లేదు. ఒక స్టీరియో మైక్రోస్కోప్, ఒక కాంపౌండ్ మైక్రోస్కోప్, 96 శాతం ఇథనాల్, చిన్న సీసాలు, సన్నటి బ్రష్, కీటకాలకు గుచ్చే అతి సన్నటి పిన్నులు, గ్లిజరిన్, స్లైడ్లు, కవర్ స్లిప్పులు, రంగులేని నెయిల్ పాలిష్. ఒక గబ్బిలానికి ఒక సీసా, ఇందులో బేరాల్లేవు. చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.

మొదట ఈగ. ఫంగస్ చూడాలన్న తొందరలో చాలామంది ఈగను వదిలేస్తారు, తర్వాత ఫంగస్‌కు పేరు పెట్టలేక తల పట్టుకుంటారు. రెక్కలు లేకుండా సాలీడులా కనిపిస్తూ, తల వెనక్కి మడిచి వీపు మీద పెట్టుకుని ఉంటే అది నిక్టెరిబియిడే కుటుంబం. రెక్కలు ఉండి, తల మామూలుగా ముందుకే ఉంటే స్ట్రెబ్లిడే. అయితే స్ట్రెబ్లిడేలో రెక్కలు కురచగా ఉన్నవీ, అసలు లేనివీ ఉన్నాయి, కాబట్టి రెక్కలు లేవని వెంటనే తీర్పు చెప్పకుండా తల ఎలా ఉందో చూడండి. నిక్టెరిబియిడేలో ప్రజాతిని (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపును) పట్టుకోవాలంటే కళ్లు బాగా పనికొస్తాయి: బాసిలియాకు రెండేసి కటకాల కళ్లు, పెనిసిల్లిడియాకు ఒక్కో కటకం, నిక్టెరిబియాకు కళ్లే ఉండవు. ఆడా మగా అన్నది పొట్ట చివర చూసి రాసుకోండి. ఏ గబ్బిలం మీద దొరికిందో అది కూడా. ఇంతవరకూ సులువే.

ఇప్పుడు ఫంగస్. మనం వెతికేది లాబుల్‌బేనియేలిస్ అనే వర్గం. దీనికి బూజులా దారాలు అల్లుకోవడం ఉండదు. ఒక స్పోర్ (ఫంగస్‌కు విత్తనం లాంటిది) నుంచి ఒక థాలస్, అంటే మిల్లీమీటరులో కొంత భాగం మాత్రమే ఉండే చిన్న కాడలాంటి శరీరం పెరుగుతుంది, అంతే. ఈగ మీద తెల్లగా నూగులా కనిపిస్తే అది చాలావరకు చచ్చాక పట్టిన మామూలు బూజు, దాన్ని చూసి సంబరపడిపోకండి.

అసలు తంటా ఇక్కడే. ఈగ ఒళ్లంతా వెంట్రుకలు, మురికి, విరిగిన ముళ్లు. వెంట్రుక తన గుంటలోంచి పుట్టి చివరికి సన్నబడుతుంది. థాలస్ తీరు వేరు, కింద పాదం, పైన ఉబ్బిన భాగం, లోపలికి వెలుతురు పోయే పసుపు లేదా లేత గోధుమ రంగు. 1857లో కొలెనాటి అనే శాస్త్రవేత్త ఈ వర్గంలోని ప్రజాతి అయిన ఆర్థ్రోరింకస్‌ను మొదట వర్ణించినప్పుడు దాన్ని పురుగు (వార్మ్) అనుకున్నాడు, కాబట్టి మీకు అనుమానం రావడం తప్పేం కాదు. ఈగను ఇథనాల్‌లో ముంచే ఉంచి, కింద నల్లటి నేపథ్యం పెట్టి, వెలుతురు పక్క నుంచి వేసి, నెమ్మదిగా తిప్పుతూ ప్రతి భాగం చూడండి. కాళ్ల కీళ్లు, పొట్ట అంచులు, పొట్ట కింది వైపు వదిలేయకండి. ఒకసారి చూసి ఏమీ లేదనకండి, మళ్లీ చూడండి.

దొరికిందా? ముట్టుకోకండి. ముందు బొమ్మ గీసి, అది ఎక్కడుందో గుర్తు పెట్టండి: పైనా కిందా, కుడా ఎడమా, ఈగ ఒంట్లో ఏ ఖండం (సెగ్మెంట్) మీద. ఫొటో తీశాం కదా అని ఇది దాటేసే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఈ ఫంగస్ వర్గంలోనే మరో ప్రజాతి అయిన గ్లోయాండ్రోమైసెస్‌లో ఒకే జాతి ఈగ ఒంటి మీద చోటును బట్టి వేర్వేరు ఆకారాల్లో పెరుగుతుంది. చోటు రాసుకోకపోతే ఒకే జాతిని రెండు మూడు కొత్త జాతులని ప్రకటించేస్తారు.

తీయడానికి పట్టకారు వద్దే వద్దు, కాడ నలిగి పైభాగం ఊడి చేతికొస్తుంది, గుర్తించడానికి పాదంతో సహా అన్నీ కావాలి. పిన్ను మొనకు ఇంత గ్లిజరిన్ అంటించి పాదం దగ్గర నెమ్మదిగా కదపండి, లాగకండి. ఊడిన థాలస్ జిగురుకు మొనకే అంటుకుంటుంది. ఆర్థ్రోరింకస్ అయితే ఇంకా జాగ్రత్త, అది ఈగ చర్మంలోకి వేరులా దిగి ఉంటుంది, అందుకని చుట్టూ కాస్త చర్మం కూడా కోసి తీయండి. కొందరు ఈగ మొత్తాన్ని కాస్టిక్ ద్రావణంలో వేడి చేసి తెల్లబరుస్తారు, చూడ్డానికి బాగుంటుంది గానీ డీఎన్ఏ పోతుంది, నేను ఆ పద్ధతి దగ్గరికే పోను. అన్నీ తీసేయకండి, కొన్ని ఈగ మీదే వదిలేయండి.

స్లైడ్ మీద చిన్న గ్లిజరిన్ చుక్కలో థాలస్‌ను పక్కకు పడుకోబెట్టి, కవర్ స్లిప్ ఒక అంచు నుంచి మెల్లగా దించి, నెయిల్ పాలిష్‌తో మూయండి. గాలి బుడగ వస్తే నొక్కకండి, కొద్దిసేపు ఆగండి.

పేరు పెట్టేటప్పుడు ఈగతో మొదలెట్టండి. నిక్టెరిబియిడే మీద దొరికితే ముందు ఆర్థ్రోరింకస్‌ను అనుమానించండి. అమెరికా ఖండాల స్ట్రెబ్లిడే మీద అయితే ముందు గ్లోయాండ్రోమైసెస్, నిక్టెరోమైసెస్ చూడండి. నిక్టెరోమైసెస్‌లో ఆడ, మగ థాలస్‌లు వేరువేరుగా ఉంటాయి, కాబట్టి పక్కనే ఉన్న చిన్నదాన్ని పిల్ల అనుకుని వదిలేయకండి. పాదం, కాడ కణాలు, స్పోర్లుండే పెరిథీసియం ఆకారం కొలిచి రాయండి. జాతి తేలకపోతే ప్రజాతి వరకే రాసి, ఈగను అదే చీటీతో సీసాలో పెట్టి, స్లైడ్ మీద కూడా ఆ సీసా నంబరే రాయండి.